నన్నడగని విడాకులు

"మెట్టెలు నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?" అమ్మ మళ్లీ అరిచింది.

"తియ్యనని చెప్పాగా," అంది వీరవేణి, అరటిపువ్వు ఒలుస్తూనే.

"నిన్న పెద్దమనుషులు విడాకులు ఇప్పించేశారు కదే! అతనికి అప్పుడే పెద్దాపురం సంబంధం కూడా కుదిరింది. ఇంకా ఆశేంటే నీకు?"

వదిన నవ్వింది. "వదిలెయ్యండి అత్తయ్యగారూ. ఇంకో రెండు దెబ్బలు తినాలనుందేమో."

వీరవేణి చెయ్యి ఆగిపోయింది.

"అవేం విడాకులు వదినా? అరుగు మీద నలుగురు కూర్చుని తెగతెంపులన్నారు. లోపల టీ కాచింది నేను. పంచదార చాల్లేదని తప్ప నాతో ఒక్క మాటైనా మాట్లాడారా?"

అన్నయ్య గణేష్‌బాబు పేపరు దించాడు. "నీ తరఫున నేను ఒప్పుకున్నానుగా!"

"కాపురం చేసింది నువ్వా అన్నయ్యా? లాయరమ్మగారిని అడిగాను. పెద్దమనుషులు చెబితే సరిపోదంట. కోర్టు ఇస్తేనే విడాకులు. అప్పటిదాకా నేను అతని పెళ్లాన్నే. ఈలోగా ఇంకో పెళ్లి చేసుకుంటే నేరం."

అమ్మ గొంతు తగ్గింది. "అంటే, అతన్ని వదలవా?"

"వదుల్తానమ్మా. నా కుడిచెవి ఎందుకు వినబడకుండా పోయిందో అతని ఎదురుగానే జడ్జిగారికి చెప్పి మరీ వదుల్తాను."

వదిన తల దించుకుంది.

వీరవేణి లేచి చేతులు కడుక్కుంది. ముగ్గురి వైపూ చూసి మెల్లగా చెప్పింది.

"రేపు పెద్దాపురం వెళ్లి ఆ అమ్మాయి వాళ్లకి విషయం చెప్తాను. సోమవారం రాజమండ్రిలో కేసు వేస్తున్నాను. మీరు వచ్చినా సరే, రాకపోయినా సరే."