ఎలుకలు చేయని పని

"అది కదలదు," అన్నాడు మామగారు వరండాలో కుర్చీలోంచి. "పాత ఇనుము కొనేవాడు కూడా వద్దుపొమ్మన్న కారు."

కోడలు షెడ్డులో కారు మీదున్న పట్టా లాగి అవతల పడేసింది. కొంగు నడుముకి బిగించి బానెట్ ఎత్తింది.

ఆడవాళ్ళు కారేసుకుని ఊరంతా తిరగడం ఇక చాలని, కోడలు ఈ ఇంటికి రాకముందే, ఒకనాడు మామగారే దాన్ని అక్కడ పెట్టించాడు. ఏళ్ళు గడిచాయి. అద్దాల నిండా సాలెగూళ్ళు. టైర్లలో గాలి లేదు. ఈ పొద్దున మాత్రం వెనక సీట్లో సర్దిన సూట్‌కేసు ఒకటి కనిపించింది. అప్పట్నించీ ఆయన కుర్చీ వదల్లేదు.

కొడుకు పంపు తెచ్చి టైర్లకి గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

"పెళ్ళాం పోతుంటే గాలి కొట్టిపెట్టే మగాణ్ణి నిన్నే చూశాన్రా," అన్నాడు మామగారు.

"దారిలో ఇబ్బంది పడకూడదు కదా నాన్నా," అన్నాడు కొడుకు తలెత్తకుండా.

కోడలి పుట్టింటివాళ్ళది కార్లు బాగుచేసే షెడ్డు. తండ్రికి పానాలు అందిస్తూ పెరిగింది. తొందరపడలేదు. ప్లగ్గులు విప్పి, ఒక్కో బెజ్జంలో నాలుగు చుక్కలు ఆయిల్ వేసింది. పానా తగిలించి ఇంజన్‌ని చేత్తో తిప్పి చూసింది. మొరాయించి మొరాయించి కదిలింది.

"పట్టెయ్యలేదు," అంది తనలో తాను.

బ్యాటరీ మాత్రం ఎప్పుడో చచ్చిపోయింది. దాని వైర్ల చివర్లకి పట్టిన తెల్లటి పొరని వేడినీళ్ళూ వంటసోడాతో కడిగి, కొత్త బ్యాటరీ బిగించింది. ట్యాంకులో పెట్రోలు పాత రంగుడబ్బా వాసన కొడుతోంది. అంతా దింపేసి తాజాది పోసింది. పట్టేసిన వెనక చక్రాన్ని సుత్తితో తట్టి వదిలించింది. బ్రేకు తొక్కి తొక్కి చూసుకుంది.

ప్లగ్గులు బిగించి తాళం తిప్పింది. ఇంజన్ గిర్రున తిరిగింది కానీ అందుకోలేదు.

మామగారు తొడ మీద చరుచుకుని నవ్వాడు. "నేను చెబితే విన్నారా? వెళ్ళాలనుకున్నది బస్సెక్కి పోవచ్చుగా? ఈ డొక్కు దేనికి?"

"బస్సులో పోతే పారిపోవడం అంటారండీ," అంది కోడలు. "పట్టపగలు, ఈ ఇంటి కారులో, ఈ గేటులోంచే వెళ్ళాలి. అందరూ చూడాలి."

"ఎక్కడికట?"

"టౌన్లో గది చూశాం. అక్కడ గడియ లోపలివైపు ఉంటుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది.

కోడలు ఒక ప్లగ్గు విప్పి, వైరుకి తగిలించి, ఇంజన్ ఇనుముకి ఆనించింది. భర్త తాళం తిప్పాడు. నిప్పురవ్వ రాలేదు. వైరు వెంబడి వెతుక్కుంటూ పోయింది. ఒక మూల ఎలుక గూడు, చింపిన దూది, కొరికిన వైరు ఒకటి. దానికి టేపు చుట్టింది. మళ్ళీ తిప్పించింది. అయినా రాలేదు.

చివరికి ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా క్లిప్పులు విప్పి మూత తీసింది. తీసి, తాళం వదిలెయ్యమని భర్తకి చెయ్యి ఊపింది. లోపల తిరగాల్సిన రోటర్ లేదు. బొటనవేలంత ముక్క. అది లేకుండా ఏ బ్యాటరీ పెట్టినా, ఎంత పెట్రోలు పోసినా దండగే.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఇది పాడైన కారు కాదు. పాడుచేసిన కారు."

"ఎలుకలు ఎత్తుకుపోయుంటాయి," అన్నాడు మామగారు ఎటో చూస్తూ.

"ఎలుకలు క్లిప్పులు విప్పి, లోపలి ముక్క తీసుకుని, మళ్ళీ బుద్ధిగా క్లిప్పులు పెట్టి పోవు మామయ్యగారూ."

అంతవరకూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు లోపలికి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. షెడ్డులోకి వచ్చి గుప్పిట విప్పింది.

"ఇదేనేమో చూడమ్మాయ్. ఆయన గడ్డం గీసుకునే పెట్టె అడుగున ఉంటుంది. ఏమిటని అడిగితే ముట్టుకోకు అంటారు."

"ఏయ్! ఎవర్నడిగి తీశావ్?" కుర్చీలోంచే అరిచాడు మామగారు.

"ఎవర్నీ అడగలేదు," అంది అత్తగారు.

ఆ ఇంట్లో అలాంటి జవాబు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కోడలు రోటర్‌ని గరుకు కాయితంతో తుడిచి, దాని చోట్లో కూర్చోబెట్టి, మూతనీ, విప్పిన ప్లగ్గునీ తిరిగి బిగించింది. సీట్లో కూర్చుని తాళం తిప్పింది. కారు దగ్గింది. మరోసారి తిప్పింది. గుప్పున నల్లటి పొగ వదిలి, ఒళ్ళంతా వణికి, అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. కొడుకు పరిగెత్తి గేటు బార్లా తీశాడు.

మామగారు ఎట్టకేలకి లేచి నిలబడ్డాడు. "పో! పోతే మళ్ళీ ఈ గడప తొక్కకు! ఒరేయ్, పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోవడం చేతకాని వెధవా, చూడరా! వీధిలో నీ పరువు ఎలా పోతోందో చూడు!"

కోడలు తాపీగా కారు దిగి వెళ్ళి గేటు దగ్గర భర్త పక్కన నిలబడింది. ఆమె వదిలిన సీట్లో కూర్చుని, గేరు వేసి, కారుని గేటు దాటించింది అత్తగారు.