ఖాళీ బస్సు

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ అక్కా తమ్ముడూ నాన్న నెత్తిమీదుగానే కీచులాడుకుంటున్నారు.

“ఇంట్లో ఒంటరిగా వదిలేయబట్టే ఆయన మెదడు ఇలా అయిందక్కా!”

“మెదడు అలా అవబట్టే ఒంటరినంటున్నాడేమో! ఏది ముందో డాక్టరే తేల్చలేదు కదరా.”

ఒకప్పుడు ఇలాంటి బస్సుల్లోనే కండక్టరుగా చేసిన నాన్న మళ్లీ సీట్లోంచి లేచాడు. ముందుకీ వెనక్కీ చూశాడు.

“ఏంటిది, బస్సంతా ఖాళీ? ఒక్కరూ ఎక్కలేదే!”

“మేమిద్దరం ఇక్కడే ఉన్నాం కదా నాన్నా!”

ఆయన చూపు అక్కను దాటి వెళ్లిపోయింది.

అక్క చెయ్యి చాచింది. “కండక్టరుగారూ, ఒక టికెట్టివ్వండి.”

నాన్న చెయ్యి భుజాన లేని సంచీలోకి వెళ్లింది. “ఎక్కడికమ్మా?”

“మీరెక్కడ దిగితే అక్కడికి.”

“రెండివ్వండి,” అన్నాడు తమ్ముడు.