పదో మాట

ఇప్పుడు జపాన్ వెళ్లాలంటే ప్రయాణికులకు పనికొచ్చే జపనీస్ మాటలు పది ఇంట్లోవాళ్లతో వాడి చూపించాలి. చెవిలో పెట్టుకున్న యంత్రం విని ఒప్పుకుంటేనే టికెట్. నూకరత్నానికి తొమ్మిది అయ్యాయి. ఇవాళే ఆఖరు రోజు.

భర్త సన్యాసిరావు కాఫీ అందించాడు.

"అరిగాతో గొజాయిమాస్," అందామె. ధన్యవాదాలని ఆ పదో మాటకు అర్థం; ఆమె సాధన రోజూ విని ఆయనకూ తెలుసు.

"ఏటే, కాఫీకి దండాలేటి? నేను పరాయోడినా?" అని ముఖం తిప్పుకున్నాడు.

"ఆయన మీ కృతజ్ఞత అందుకోలేదు," అంది యంత్రం. "అదే మీ ఇంటి భాషలో చెప్పండి, చాలు."

నూకరత్నం తికమకపడింది. పాతికేళ్ల కాపురంలో ఆ మాట ఇంట్లో అనలేదు. ధన్యవాదాలంటే సభలో దండ వేసినట్టుంటుంది. కాఫీ ఒక గుక్క తాగింది.

"మరి మీరు తాగారేటండీ?"

"ఇంకా నేదే," అన్నాడు ఇటు తిరిగి.

"ఆయన అందుకున్నారు. పది," అంది యంత్రం.

తానేం చెప్పిందో ఆమెకు అర్థం కాలేదు. సగం కాఫీ ఇంకో గ్లాసులో పోసి ఆయనకిచ్చింది.