మొదటి కొక్కెం

"ముందు బండి తాళం ఇవ్వండమ్మా."

తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న తాత చెయ్యి చాచాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ కంపెనీలో ఉద్యోగుల సౌకర్యాలన్నీ చూసుకునే మేనేజరు తను. చేరి మూడు వారాలే అయితేనేం, మేనేజరు మేనేజరే కదా!

"నేను పడుకోడానికి రాలేదు. గది చూసి పోదామని వచ్చాను."

"చూసేవాళ్ళయినా అంతేనమ్మా. తాళం ఇస్తేనే లోపలికి."

"ఈ రూలు ఎవరు పెట్టారు?"

"నేనే."

బాగుంది సంబడం, అనుకుంది.

ఆ కంపెనీలో సౌకర్యాలకేం కొదవలేదు. శుక్రవారం ఇంటి కుక్కని వెంట తెచ్చుకోవచ్చు. మేడ మీద ఉయ్యాల ఉంది. నెలకొక అలక సెలవు ఉంది, ఎవరి మీద అలిగారో కూడా చెప్పక్కర్లేదు. మధ్యలో కాసేపు నడుం వాల్చడానికి ఈ కునుకు గది ఉంది. పక్క కంపెనీవాళ్ళు ఇవన్నీ విని కుళ్ళుకునేవారు.

ఈమెకు మాత్రం ఆ సౌకర్యాల జాబితా చూస్తేనే గుండె దడ. ఖర్చు తగ్గించడానికి అందులో ఒకటి కొట్టేసి నాలుగింటికల్లా తన గదికి తెమ్మన్నాడు యజమాని. ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ అప్పుడే తేలుస్తానన్నాడు.

ఏది కొట్టేసినా ఎవరో ఒకరు మీద పడతారు. మూడు రోజులుగా ఆమె కంటికి నిద్ర లేదు. పొద్దుటినుంచి నాలుగుసార్లు మేడ ఎక్కి దిగింది. ఉయ్యాల కొట్టేసింది, మళ్ళీ రాసింది. అలక సెలవు కొట్టేసింది. జనం నిజంగానే అలుగుతారని భయమేసి అదీ మళ్ళీ రాసింది.

ఇక మిగిలింది ఈ గదే.

విసురుగా తాళం తాత చేతిలో పడేసింది. ఆయన దాన్ని గోడకున్న అయిదో కొక్కేనికి తగిలించాడు. మొదటి కొక్కేనికి ఒక పాత స్కూటరు తాళం వేలాడుతోంది.

"అదెవరిది? లోపల ఎవరూ లేరుగా?"

"ఒకమ్మాయిదమ్మా. తీసుకోడానికి రాదు."

మతిమరుపు మనిషి కూడానా, అనుకుని లోపలికి వెళ్ళింది. మంచం ఎలా ఉందో చూద్దామని కూర్చుంది. పరుపు మెత్తగానే ఉందా అని ఒక్కసారి వాలింది.

"మూడున్నరకి లేపండి!" అని ఒక కేక వేసింది.

కళ్ళు తెరిచేసరికి గోడ గడియారంలో అయిదు కావస్తోంది.

అయ్యో, నా కొంప మునిగింది! జుట్టు ముడేసుకుంటూ, ఒక చెప్పు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తింది.

"ఎందుకు లేపలేదు?"

"లేపానమ్మా. మూడున్నరకి పిలిచాను. నాలుగింటికి మళ్ళీ పిలిచాను."

"మరి?"

తాత తల దించుకున్నాడు. "'నాన్నా, ఇంకాసేపు' అన్నారు. ఇక నాకు లేపబుద్ధి కాలేదు."

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు కోపమై కూర్చుంది.

"నా ఉద్యోగం పోతే మీరిస్తారా? రేపటినుంచి రావద్దు. మీరూ వద్దు, ఈ గదీ వద్దు!"

తాత స్టూలు మీంచి లేచాడు. అయిదో కొక్కెం మీది తాళం తీసి, ఆమె కళ్ళలోకి ఒక్క క్షణం చూశాడు.

"ఇప్పుడు ఫరవాలేదు. నడపొచ్చు," అని చేతిలో పెట్టాడు.

తరవాత మొదటి కొక్కెం మీది తాళం తీసి తన చొక్కా జేబులో వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చూశావా, పోతూ పోతూ ఎవరిదో తాళం పట్టుకుపోతున్నాడు! ఆమె గేటు దగ్గరి కాపలావాడికి ఫోన్ చేసింది. "తాళాల తాత వస్తున్నాడు. ఆపి జేబు చూడు."

ఆమె పరుగున వెళ్ళేసరికి యజమాని తన గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"సారీ సార్. ఆ కునుకు గదిలో తాత నన్ను లేపలేదు. అందుకే ఆయన్ని పంపించేశాను. గదిని కూడా జాబితాలోంచి కొట్టేశాను. పైగా ఎవరో అమ్మాయి తాళం జేబులో వేసుకుని పోతుంటే గేటు దగ్గర ఆపించాను సార్!"

గడగడా అప్పజెప్పి, ఊపిరి పీల్చుకుంది.

యజమాని ఆమె చేతిలోని జాబితా వైపు చూశాడు.

"అదసలు జాబితాలో ఎందుకుందమ్మా? ఆ గది మనమిచ్చిన సౌకర్యం కాదు."

"అంటే?"

"ఆరేళ్ళ కిందట ఇక్కడ ఒకమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల. రెండు రోజులు కన్ను మూయనివ్వకుండా పని చేయించాను. పనయ్యాక, బండి తాళం నేనే చేతికిచ్చి, 'ఇంటికెళ్ళి హాయిగా పడుకో తల్లీ' అన్నాను. దారిలో బండి మీదే నిద్రపోయింది. ఇల్లు చేరలేదు."

ఆమె చేతిలో జాబితా నలిగిపోయింది.

"కేసు పెడతారనుకున్నాం. ఏం కావాలన్నా ఇస్తామన్నాం. 'ఒక గదీ, నాకొక స్టూలూ ఇవ్వండి' అన్నాడు. అంతే. ఈ ఆరేళ్ళలో ఒక్క నెల జీతం కూడా ముట్టుకోలేదు."

"ఎవరు సార్?" అంది. తెలిసిపోయింది. అయినా ఆయన నోట కాదనిపించుకోవాలని అడిగింది.

యజమాని కిటికీ వైపు చూపించాడు.

కింద గేటు దగ్గర కాపలావాడి ముందు, తన కూతురి తాళం తనకిచ్చెయ్యమని ఆ తండ్రి చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.