తక్కెడ చెప్పిన మాట

"తగ్గింది ఆలియా," అంది నర్సు శైలజ, కొక్కేనికి వేలాడుతున్న గుడ్డ ఉయ్యాలను ఒక చేత్తో ఆపి తూకం ముల్లు వైపు చూస్తూ. "పోయిన తూరి కన్నా తగ్గింది."

ఆలియా పాప పక్కకు వచ్చి తానూ ముల్లు చూసింది. రెండు వారాల కిందట ఇదే అంగన్‌వాడీలో ఇదే తక్కెడకు తగిలించి తూచారు. ముల్లు ఎందాక పోయిందో ఆమె కళ్ళారా చూసింది. ఆ రోజు అత్త హసీనాబీ వెంట వచ్చింది. పసిబిడ్డను గొర్రెపిల్ల మాదిరి కొక్కేనికి తగిలించేదేందని నర్సుతో పోట్లాడింది. గాలి తగులుతుందని దుప్పటి విప్పనీయకుండా తానే చుట్టి, తానే ఉయ్యాలలో పెట్టింది. ఈసారి అత్త లేదు, చెల్లెలికి బాగాలేదని గుడిబండకు పోయింది. దుప్పటి మాత్రం అదే.

"బాగానే తాగుతాండాది కదక్కా. తాగి నిద్రపోతాది. తడిపిన గుడ్డలు ఉతికి ఉతికి నా చేతులు పడిపోతాండాయి."

పాలు చాలుతున్నాయో లేదో బిడ్డ తడిపే గుడ్డలే చెబుతాయని ఆలియాకు నేర్పింది శైలజే. అందుకే ఆమె కూడా తటపటాయించింది. పాపను దించి, మళ్ళీ తగిలించి చూసింది. ముల్లు కదిలితే కదా!

"గుడ్డలు ఎన్ని తడిపినా బరువు తగ్గితే ఊరుకోలేం తల్లీ. తక్కెడ అబద్ధం చెప్పదు."

ధర్మవరంలో పిల్లల డాక్టరమ్మ కూడా ఆ రెండు తూకాలే చూసింది. రొమ్ము మానకుండా, పైన కొంచెం డబ్బా పాలు పట్టమంది. కొంచెం అన్న మాట ఆసుపత్రి గుమ్మం దాటలేదు. ఇంటికొచ్చేసరికి డబ్బా పాలే అసలు పాలయ్యాయి.

మొగుడు గఫార్ పల్లెత్తు మాట అనలేదు. ఆటో ఆపి బత్తలపల్లిలో డబ్బా, సీసా కొనుక్కొచ్చాడు. "నీ తప్పేముందిలే, ల్యాని పాలు యాడ నుంచి తెస్తావు?" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆలియాకు. కుండకు మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి మూత పెట్టలేం. వచ్చినామె వచ్చినట్టు జాలిపడింది. ఒకామె తెల్లగడ్డలు వేయించి తినమంది, ఇంకొకామె మునగాకు వండుకోమంది. చివరికి అందరూ ఆ రొమ్ములో పస లేదని తేల్చేసి పోయారు.

ఆలియా అన్నీ తింది. బిడ్డ రొమ్ము పట్టినప్పుడల్లా గుటకల చప్పుడు వినబడుతూనే ఉంది. వినబడి ఏం లాభం? సీసా మీద గీతలుంటాయి, ఎంత తాగిందో ఎవరైనా చూసి చెప్పొచ్చు. రొమ్ము మీద ఏ గీతలుంటాయి? నా బిడ్డ తాగుతోందని ఎవరికి ఏం చూపించి ఒప్పిస్తుంది? పోనుపోను ఆమెకే నమ్మకం పోయింది. తన ఒళ్ళే తనకు పగ అయినట్టు కుమిలి కుమిలి ఏడ్చింది.

పాప సీసాకు మరిగింది. రొమ్ము దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఇదివరకు పాప ఏడిస్తే చాలు రవిక తడిసిపోయేది. ఇప్పుడు పిండినా చుక్క రావడం లేదు.

మళ్ళీ తూకం రోజు వచ్చేసరికి హసీనాబీ గుడిబండ నుంచి వచ్చేసింది. డబ్బా చూసి నొసలు చిట్లించింది గానీ డాక్టరు చెప్పిందంటే ఇక నోరెత్తలేదు. అంగన్‌వాడీలో మాత్రం పాపను ఎవరి చేతికీ ఇవ్వలేదు. తానే దుప్పటిలో చుట్టి, తానే ఉయ్యాలలో పెట్టి, వక్క లేకుండా ఉత్త ఆకు నములుతూ పక్కనే నిలబడింది.

ముల్లు గిర్రున తిరిగింది.

"చూసినావా!" శైలజ మొహం విప్పారింది. "రెండు వారాల్లోనే ఇంత పెరిగింది. ఇంక డబ్బా మానొద్దు."

ఆలియా తలూపింది. బిడ్డ పెరిగిందని సంతోషం, తన పాలు ఎందుకూ పనికిరావని రుజువైందన్న దుఃఖం, రెండూ ఒక్కసారే కమ్ముకున్నాయి.

ఇంట్లో పాపను మంచం మీద పడుకోబెట్టి దుప్పటి విప్పుతుంటే లోపల నుంచి ఏదో జారి ఆమె కాలి మీద ఠప్పున పడింది. అత్త వక్కలు కత్తిరించుకునే అడకత్తెర. పాతకాలపు మొద్దు ఇనుము. నొప్పి పంటి బిగువున పట్టి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ బరువుకు చెయ్యి కిందికి వాలింది.

"ఇట్లియ్యి, పొద్దున్నుంచి వక్క ల్యాక నోరు సప్పగుండాది," అంటూ హసీనాబీ చెయ్యి చాపింది.

"ఇది పాప దుప్పట్లో ఎందుకుండాది అత్తా?"

"ఎందుకేంది? అంతమంది కండ్ల ముందర బిడ్డను తూస్తాంటే దిష్టి తగలదా? పక్కన ఇనుము తోడుండల్ల. మొదటి తూరి గూడా నేనే పెట్టింటి." హసీనాబీ ఒక వక్కను కటుక్కున కత్తిరించి కోడలి వైపు అనుమానంగా చూసింది. "అవునే, నేను ల్యానప్పుడు నువ్వేం పెట్టినావు?"