డెమో పీసు

“ముప్ఫై నాలుగు వేలు! మాస్టారూ, ఇది డెమో పీసండీ. మీ సొంత కెమెరా కాదు!”

షాపు యజమాని రామకోటేశ్వరరావు కెమెరాను గాజు కౌంటరు మీద పెట్టిన చప్పుడుకి, లెన్సులు చూస్తున్న నలుగురూ ఇటు తిరిగారు. అప్పుడే లోపలికొచ్చి, ఎప్పటిలాగే ఆ కెమెరా కోసం చాచిన అనంతకృష్ణ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఏమైందండీ?” అన్నాడు.

“ఏమైందా? పొద్దున కంపెనీ మనిషి వచ్చాడు. ఎన్నిసార్లు నొక్కారో దీని లోపల లెక్కుంటుంది కదా, తీసి చూపించాడు. నాలుగు నెలల్లో ముప్ఫై నాలుగు వేల ఫోటోలు! చూపించుకోమని ఇచ్చిన పీసుని అరగదీశారు, ఇక వెనక్కి తీసుకోం అని చెప్పి పోయాడు. యేసుకుమార్, ఇట్రా. ఈ కౌంటరు నీది. దీన్ని ముట్టుకునేదెవరు?”

యేసుకుమార్ వచ్చి నిలబడ్డాడు. ముప్ఫై దాటిన మనిషి, ఆ షాపులో సేల్స్‌మన్. ఏ లెన్సు గురించి అడిగినా గడగడా చెప్పేవాడు, ఇప్పుడు కౌంటరు అద్దం తుడుస్తూ గొణిగాడు.

“కస్టమర్లేనండీ...”

“ఏ కస్టమరు?”

“ఈ సారు... ప్రతి శనివారం వస్తారండీ.”

అనంతకృష్ణకి ఒళ్లు మండిపోయింది. వస్తాడు, నిజమే. వారమంతా భవానీపురంలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి, శనివారం సాయంత్రం బస్సెక్కి గవర్నర్‌పేటలో దిగుతాడు. ఆయన కెమెరాకి పన్నెండేళ్లు. లెన్సులో బూజు పట్టి, మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో కూడా పొగమంచులో తీసినట్టే వస్తుంది. కొత్తది కొందామనుకున్నప్పుడల్లా ఇంట్లో ఇంకేదో ముందుకొచ్చి నిలబడుతుంది. కిందటేడాది ఫ్రిజ్జు, ఈ ఏడు అమ్మాయి హాస్టలు. అందుకని వారానికి పది నిమిషాలు దీన్ని చేత్తో పట్టుకుంటాడు. ఆ పొడుగాటి లెన్సుని రోడ్డుకవతల టీ బండి మీదికి తిప్పి, టీ వడపోసే ఆవిడ గాజుల మీద మెరుపు చూస్తాడు. పదిసార్లో పన్నెండుసార్లో నొక్కుతాడు. తిరిగిచ్చేస్తాడు. అంతే.

“ఒక్కనాడు బిల్లు చేయించింది లేదు,” రామకోటేశ్వరరావు ఆపలేదు. “పెద్దమనిషి కదా, ఏమన్నా అంటే బాగోదని ఊరుకుంటే ఇలా పిండేస్తారా దీన్ని?”

అనంతకృష్ణ మనసులోనే లెక్క కట్టేశాడు. నాలుగు నెలలంటే పదిహేడు శనివారాలు. శనివారానికి రెండు వేలు. అదీ పది నిమిషాల్లో! ఏడో క్లాసు పిల్లాడైనా నవ్వుతాడు. ఆ మాటే మొహం మీద కొట్టినట్టు చెబుదామని నోరు తెరిచాడు.

“ఇవాళ ఇదేదో తేలిపోవాలండీ,” అన్నాడు రామకోటేశ్వరరావు. “మీరు కాదంటే కాదని చెప్పండి. అప్పుడు తప్పు కౌంటరు మనిషిది. సోమవారం నుంచి వీణ్ణి రావద్దంటాను.”

యేసుకుమార్ కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

అనంతకృష్ణ అంచు పట్టుకున్న ఆ వేళ్లవైపు చూశాడు.

“నేనేనండీ,” అన్నాడు.

“అన్నీ మీరేనా?”

“అన్నీ నేనే. ఆ చప్పుడు వినడానికి బాగుంటుంది. నొక్కుకుంటూ పోయాను. ఎన్నయ్యాయో చూసుకోలేదు.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

“లెక్కల మాస్టారై ఉండి!” రామకోటేశ్వరరావు రెండు చేతులూ జోడించాడు. “మీకో దణ్ణం. ఇంకెప్పుడూ మా షాపు మెట్లెక్కకండి.”

అనంతకృష్ణ బయటికొచ్చాడు. సాయంత్రం అయిదు దాటినా ఎండ చురుక్కుమంటోంది. చెవులు అంతకంటే ఎక్కువ మండుతున్నాయి. యాభై రెండేళ్ల వయసులో, నలుగురిలో, దొంగని పంపించినట్టు పంపించారు. పైగా ఈ ఊళ్లో ఆ లెన్సు ఉన్నది ఆ ఒక్క షాపులోనే. కొనే యోగం ఎలాగూ లేదు, ఇప్పుడు పట్టుకునే యోగం కూడా పోయింది. బస్టాపులో నిలబడి, ఎవరి మీద విసుక్కోవాలో తెలియక, రాని బస్సు మీద విసుక్కున్నాడు.

“సార్! సార్!”

యేసుకుమార్ ఆటోల మధ్యలోంచి పరిగెత్తుకొస్తున్నాడు. దగ్గరికొచ్చి రొప్పుతూ నిలబడ్డాడు.

“క్షమించండి సార్. భయమేసి మీ పేరు చెప్పేశాను. ఇద్దరు పిల్లలు సార్ నాకు.”

“ఒక్కసారి నా మొహంలోకి చూసి చెప్పావా ఆ మాట?” అన్నాడు అనంతకృష్ణ. “అందరి ముందు ఎంత సిగ్గేసిందో తెలుసా నాకు?”

“తెలుసు సార్. మీరు పదిసార్లకి మించి నొక్కరనీ తెలుసు.” యేసుకుమార్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “మీరు కాదని ఒక్క మాట అంటే అయిపోయేది. చెయ్యని పని ఎందుకు ఒప్పుకున్నారు సార్?”

భవానీపురం బస్సు వచ్చి ఆగింది. అనంతకృష్ణ కడ్డీ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. వెనక్కి తిరిగి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

“షాపు మూశాక నువ్వు ఆ కెమెరాని ఇంటికి పట్టుకుపోయి, తెల్లారగట్ల మా భవానీపురం రేవులో బురదలో బోర్లా పడుకుని పడవల్ని తీస్తుంటే, నాలుగు నెలలుగా రోజూ గట్టు మీద నిలబడి చూస్తున్నది నేనేనయ్యా... ఆ ఫోటోలు ఒక్కసారి నాకు చూపించవూ?”