గ్యాస్ మీటర్స్ ఇరవయ్యో రికార్డింగు

"మూడున్నరైంది. పాడేవాడేడీ?" అన్నాడు నెవిల్ అద్దం అవతలి నుంచి.

డ్రమ్ములతను తన బూట్లు చూసుకున్నాడు, గిటారతను పైకప్పు కేసి చూశాడు. నాలుగు పాటలకీ వాయించడం పూర్తయింది. పాడాల్సిన రాయ్‌స్టన్ క్లెగ్ మాత్రం "పది నిమిషాల్లో వస్తా" అని ఒంటిగంటకి ఎదురుగా ఉన్న పబ్బులోకి వెళ్ళాడు.

గ్యాస్ మీటర్స్ బ్యాండు డెబ్బై ఎనిమిది నుంచి ఏటా ఈ మాంచెస్టర్ రేడియో స్టూడియోకి వచ్చి, ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేసి పోతోంది. ఇది ఇరవయ్యోసారి. ఇన్నేళ్ళలో బ్యాండులో మారనిది క్లెగ్ ఒక్కడే. మిగతా వాళ్ళని చొక్కాలు మార్చినట్టు మార్చాడు మహానుభావుడు. బాస్ గిటారు వాయించేవాళ్ళనే పదిహేడు మందిని పీకేశాడు. పద్దెనిమిదోది గ్వెండా. గిటారతనూ డ్రమ్ములతనూ కూడా ఈ వేసవిలో చేరినవాళ్ళే.

"ఆరింటికల్లా టేపు లండన్ బండి ఎక్కాలమ్మాయ్" అన్నాడు నెవిల్. రికార్డింగు పనంతా అతనిదే. "ఎక్కకపోతే రాత్రికి ఇంకో బ్యాండుని వినిపిస్తారు. మిమ్మల్ని మళ్ళీ పిలవరు."

ఈ ఒక్క రోజు కోసం గ్వెండా స్టాక్‌పోర్టులో బిస్కెట్ల ఫ్యాక్టరీ పని మానేసింది. అక్కడ రాచ్‌డేల్‌లో వాళ్ళమ్మ, మా పిల్ల ఇవాళ రేడియోలో వాయిస్తుందని వీధి వీధంతా చాటేసింది.

గ్వెండా పరుగున పబ్బులోకి వెళ్ళింది. క్లెగ్ నాలుగో గ్లాసు మీదున్నాడో ఏడో గ్లాసు మీదున్నాడో దేవుడికెరుక.

"రండి, పాడాలి."

"పాడేశాగా."

"ఎప్పుడు పాడారు?"

"పొద్దున్నే. మధ్యాహ్నమో. ఏటా పాడుతూనే ఉన్నాగా, నువ్వెవరే నాకు చెప్పడానికి? నిన్ను తీసేశా, ఫో."

కళ్ళనీళ్ళు ఆపుకుంటూ వెనక్కొచ్చింది. స్టూడియో గుమ్మంలో కాపలా ముసలాయన హేవర్త్, పోస్టుమేన్‌ని పట్టుకుని దులిపేస్తున్నాడు.

"ఊచలకి సైకిలు ఆనించొద్దన్నానా. నిన్న చెప్పా. మొన్న చెప్పా. ఊచలకి రంగేశారు. కనబడదా. నీకు కళ్ళున్నాయా. సైకిలుకున్నాయా."

ప్రతి మాటా ముక్కులోంచి వస్తోంది. ప్రతి వాక్యం చివరా ఒక మూలుగు. రాగం లేదు, తాళం లేదు, వట్టి సణుగుడు. గ్వెండా ఆగిపోయింది. క్లెగ్ పాడేదీ అచ్చం ఇలాగే కదా. దాన్నే పత్రికల వాళ్ళు కవిత్వమంటారు.

"పెద్దాయనా, ఇదే మాట లోపలికొచ్చి మైకు ముందు అంటారా? మీ కాళ్ళు పట్టుకుంటా."

హేవర్త్ ఆమెని ఎగాదిగా చూశాడు. "నాలుగేనా?"

"నాలుగే."

"నా టీ చల్లారిపోతుంది."

"వేడిగా ఇంకోటి తెస్తా. బిస్కెట్లు కూడా."

"చాక్లెట్ పూసినవైతేనే" అని లేచాడు.

లోపలికొచ్చి టోపీ తీసి తలుపు వెనకున్న మేకుకి తగిలించాడు. క్లెగ్ కంటే జానెడు పొట్టి మనిషి, అయినా మైకు సరిగ్గా మూతి దగ్గరికే ఉంది. నెవిల్ ఇదేమిటని అడగలేదు. బటన్ నొక్కాడు.

మొదటి పాట సైకిలు మీద. రెండోది మార్చి నుంచీ పనిచేయని లిఫ్టు మీద. మూడోది పాయిఖానా తాళంచెవి ఇంటికి పట్టుకుపోయిన ఎవడో దౌర్భాగ్యుడి మీద. నాలుగోది చల్లారిన టీ మీద. నాలుగోదానిలో గ్వెండాని చూస్తూ సణిగాడు. నాలుగూ ముప్పావుకి అంతా అయిపోయింది. హేవర్త్ బిస్కెట్లు జేబులో వేసుకుని గుమ్మంలోకి పోయాడు.

అయిదింటికి క్లెగ్ తలుపుని గుద్దుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూలబడి, "వినిపించు" అన్నాడు.

టేపు తిరిగింది. క్లెగ్ కళ్ళు మూసుకుని విన్నాడు. రెండో పాటకి అతని కళ్ళు చెమర్చాయి.

"పాడేశానని చెప్పానా లేదా?" అన్నాడు. "సైకిలంటే సైకిలనుకునేవు పిల్లా. సైకిలంటే ఈ దేశం. ఊచలంటే ప్రభుత్వం. ఇలా పాడేవాడు ఇంకొకడు పుట్టాలి." లేచి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నిన్ను తీసేశానన్నానా? సర్లే, ఉండు."

అతను వెళ్ళాక గ్వెండా నెవిల్ దగ్గరికొచ్చింది. ఉద్యోగం నిలబడ్డ సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది.

"నెవిల్ గారూ, తప్పు చేశానేమో. ఆయన గొంతు ఇరవయ్యేళ్ళుగా వింటున్న జనం. వేరే మనిషి పాడితే పట్టేయరూ?"

నెవిల్ టేపు పెట్టె మీద ఇరవై అని అంకె వేశాడు.

"ఎందుకు పట్టేయరు? ఎనభై ఆరులో పట్టేశారుగా."

"ఏమైంది అప్పుడు?"

"హేవర్త్‌కి గొంతు పూడుకుపోయింది. గత్యంతరం లేక ఆ ఒక్క ఏడాదీ క్లెగ్ చేతే పాడించాం. మూడొందల ఉత్తరాలొచ్చాయి, ఈ నకిలీగాడెవడు, మా క్లెగ్‌ని ఏం చేశారని."